వెక్టర్ అంటే ఏ వెక్టర్? పోల్చుకునే పద్ధతి

వెక్టర్ అన్న మాట కనిపిస్తే ముందు దాని పక్క మాటలు చూడండి. లాటిన్‌లో ‘మోసుకెళ్లేది’ అని అర్థం. ఒక్కో శాస్త్రం దాన్ని ఒక్కో వైపు లాక్కుంది.

పక్కన వేగమో బలమో ఉంటే సదిశ: పరిమాణంతో పాటు దిశా కావాలి. సిరొంచ దగ్గర ప్రాణహిత దాటే పడవ అడ్డంగా గంటకు 4 కి.మీ., ప్రవాహం 3 కి.మీ. అనుకోండి. కలిపి 7 అనేస్తారు, తప్పు. దిశలు లంబం కాబట్టి 4, 3ల వర్గాలైన 16, 9 కూడి వర్గమూలం తీయాలి: 5. నది 400 మీటర్ల వెడల్పైతే 6 నిమిషాల్లో దాటుతారు, కానీ 300 మీటర్లు దిగువన తేలతారు.

మలేరియా పక్కన ఉంటే వాహకం, అంటే రోగాన్ని మోసే జీవి. రాయగడ, మల్కన్‌గిరి మన్యంలోనైనా ఎక్కడైనా అది ఆడ అనాఫిలిస్ దోమే. దాని ఒంట్లోని ప్లాస్మోడియం పరాన్నజీవి, వాహకం కాదు. మార్కులు పోయేది ఇక్కడే.

సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అయితే అవసరాన్ని బట్టి పెరిగే అర్రే (విలువల వరుస), అంతే.

ఫ్లెక్స్ షాపువాళ్లు అడిగే వెక్టర్ ఫైల్ అంటే గీతలు, వంపులు లెక్కలుగా దాచిన బొమ్మ. ఎంత పెంచినా గళ్లు పడదు. జేపీజీ ఫొటోను కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికించినంత మాత్రాన వెక్టర్ అవదు. పర్లాకిమిడిలో తెలుగు, ఒడియా రెండూ ఉన్న బోర్డు వేయిస్తుంటే అక్షరాలను కర్వ్స్‌గా (గీతల బొమ్మలుగా) మార్చి పంపండి. లేకపోతే అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేక ఒత్తులు చెదిరిపోతాయి. మార్చాక అక్షరదోషాలు దిద్దడం కుదరదు, మార్చని కాపీ ఒకటి విడిగా ఉంచుకోండి.