సింగిల్ మాల్ట్ రుచి పాఠాలు – 3: పక్కపక్కన రెండు గ్లాసులు

సింగిల్ మాల్ట్ అంటే ఒకే కార్ఖానాలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసిన విస్కీ. పోయిన పాఠంలో అలాంటిదే, గ్లెన్‌లివెట్ 12 ఒక్కదాన్నే వారం పాటు వాసన చూడమన్నాను. చూసినవాళ్లకి ఒక చిక్కు వచ్చే ఉంటుంది. బాగుందని తెలుస్తుంది, ఎలా బాగుందో చెప్పబోతే మాట రాదు. అది ముక్కు లోపం కాదు. పోల్చుకోవడానికి పక్కన ఇంకోటి లేదు, అంతే. బెల్లం తీపి పంచదార పక్కన పెట్టినప్పుడే కదా తెలిసేది! అందుకే ఈ వారం రెండో సీసా తెరుద్దాం: లఫ్రాయ్గ్ 10. (పేరు పక్క అంకె, పీపాలో కనీసం ఎన్నేళ్లు ఉందో చెబుతుంది.)

రెండింటికీ సరుకు ఒకటే: మొలకెత్తించిన బార్లీ, ఈస్టు, నీళ్లు. రెండూ రాగి బట్టీల్లో దిగినవే, ఓక్ చెక్క పీపాల్లో పండినవే. అసలు తేడా బార్లీని ఆరబెట్టే దగ్గరే మొదలవుతుంది. గుంటూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ చూసినవాళ్లకి ఇది చటుక్కున అర్థమవుతుంది. బ్యారన్‌లో మంట బయట ఉంటుంది, గొట్టాల వేడి మాత్రమే ఆకుకి తగులుతుంది, పొగ తగలదు. స్కాట్లాండ్‌లో స్పేసైడ్ అనే ప్రాంతానికి చెందిన గ్లెన్‌లివెట్ బార్లీ అలా ఆరిందే. లఫ్రాయ్గ్‌ది స్కాట్లాండ్‌లోనే ఐలా అనే దీవి. అక్కడ చిత్తడి నేలలో వేల ఏళ్లుగా పేరుకున్న నాచూ గడ్డీ మట్టిలా గట్టిపడి ఉంటాయి. దాన్నే పీట్ అంటారు. ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, తడి బార్లీ కింద కాలుస్తారు. గింజ పీల్చుకున్న ఆ పొగ బట్టీలో కాగినా పోదు, పీపాలో పదేళ్లున్నా పోదు.

ముందు గ్లాసుల సంగతి. స్టీలు గ్లాసు వద్దు. అడుగు వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న గాజు గ్లాసులు రెండు, ఒకే రకానివి తీసుకోండి. కిందటేడు లఫ్రాయ్గ్‌లో కర్పూరం లాంటి వాసన తగిలిందని పుస్తకంలో శ్రద్ధగా రాసుకున్నాను. మర్నాడు ఖాళీ గ్లాసులోనూ అదే వాసన! బీరువాలో కలరా ఉండల పక్కన బోర్లించి ఉంచాను మరి. అప్పటినుంచీ పోసే ముందు ఖాళీ గ్లాసు వాసన చూడకుండా మొదలుపెట్టను. మీరూ చూడండి.

బెజవాడ ఎండల్లో ఇంకో ఇబ్బంది ఉంది. గది వేడిగా ఉంటే ఆల్కహాలే ముందుగా లేచి ముక్కుని కొడుతుంది. ఐసు వేస్తే వాసనే లేవదు. ఏసీ గదిలో సీసాలు గంటసేపు ఉంచండి, చాలు. ఆ పూట పచ్చడి జోలికి పోకండి, అగరొత్తి వెలిగించకండి.

ఒక్కో గ్లాసులో 20 మిల్లీలీటర్లు. పొగది ఎప్పుడూ రెండోదే, ముందు తాగితే అది నాలుకని వదలదు. నోరు కొద్దిగా తెరిచి, గ్లాసుని గడ్డం దగ్గర్నుంచి నెమ్మదిగా పైకి తెండి. గ్లెన్‌లివెట్‌లో నాకు అనాసపండు కోసిన పళ్లెం గుర్తొస్తుంది, వెనక కాస్త తేనె. లఫ్రాయ్గ్ మూతి దగ్గరికి రాగానే టింక్చర్ అయోడిన్, కట్టు కట్టిన గాజుగుడ్డ. మొదటిసారి చాలామంది మొహం తిప్పుకుంటారు. తిప్పుకోండి, పర్లేదు. కానీ వెంటనే గ్లెన్‌లివెట్ దగ్గరికి తిరిగి వెళ్లండి. ఇందాక కనబడని తీపి ఇప్పుడు ఎదురొస్తుంది. ఈ పాఠమంతా ఆ తిరిగి వెళ్లడం కోసమే. కనీసం నాలుగుసార్లు అటూ ఇటూ తిరగండి, ఆ తర్వాతే ఒక చిన్న గుక్క. వెంటనే మింగకుండా నాలుకంతా తడిపి వదలండి.

ఇప్పుడు నీళ్లు. సీసా మీద 40 శాతం అని ఉంటే 20 మిల్లీలీటర్లలో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు కలిపితే 32 శాతానికి దిగుతుంది. దీన్ని పలచన చేయడం అనుకోకండి. పొగవాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం ఆల్కహాలు తగ్గేకొద్దీ పైకి, గాలి తగిలే చోటికి చేరుతుందని 2017లో స్వీడన్‌లో కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ లెక్కలతో చూపించారు. చెంచాతో కాదు, చుక్కచుక్కగా పోస్తూ మధ్యమధ్యలో వాసన చూడండి. నా లఫ్రాయ్గ్‌లో ఆసుపత్రి వాసన వెనక్కి తగ్గి, సూర్యలంక ఇసుకలో ఎండేసిన ఉప్పుచేపలు ముందుకొచ్చాయి.

రాసుకునేటప్పుడు అరువు మాటలు వద్దు. సీసా డబ్బా మీద హెదర్ పువ్వు అని ఉంటుంది, ఆ పువ్వు వాసన మనలో ఎంతమందికి తెలుసు? పిడకల పొయ్యి, తాటిబెల్లం, తడిసిన గోనెసంచి, మీ ముక్కుకి తెలిసిన మాటే రాయండి. ఆర్నెల్ల తర్వాత చదువుకున్నా మీకు అర్థమయ్యేది అదొక్కటే.

వారంలో రెండు సాయంత్రాలు చాలు, పూటకి ఈ 40 మిల్లీలీటర్లే. రెండోసారి ఇంట్లో ఎవరిచేతనైనా పోయించి, ఏది ఏదో చెప్పకుండా పెట్టమనండి. పొగ వల్ల పేర్లు ఇట్టే తెలిసిపోతాయి. తెలుసుకోవాల్సింది అది కాదు, పొగ కింద ఏ పండు ఉందో వెతకండి.

వచ్చే పాఠం షెర్రీ (స్పెయిన్ ద్రాక్ష వైన్) నింపి తీసిన పీపాల్లో పండిన గ్లెన్‌డ్రోనాక్ 12. ఈలోగా కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్లినప్పుడు నల్ల ఎండుద్రాక్ష, ఎండుఖర్జూరం, లవంగాలు కాసిన్ని తెచ్చి వేర్వేరు గాజు సీసాల్లో మూత పెట్టి ఉంచండి. రోజూ ఒకసారి మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూస్తూ ఉండండి.