లాటిన్ మాటకు ‘పిల్ల’ను తగిలించడం ఎలా?

కె.సి. (కర్నూలు–కడప) కెనాల్ నుంచి పొలంలోకి తిప్పుకొనేది పిల్లకాలువ. మనం ‘పిల్ల’ను మాటకు ముందు పెడతాం, లాటిన్‌లో అది తోకలా వెనక చేరుతుంది. కాలువ కెనాలిస్, పిల్లకాలువ కెనాలిక్యులస్. ఎముక కణాలను కలిపే సన్నటి దారుల పేరు ఇదే. కర్నూలు మెడికల్ కాలేజీలోనో కడప రిమ్స్‌లోనో అనాటమీ మొదలుపెట్టినవాళ్లు ఇలాంటి పేర్లను బట్టీ పట్టక్కర్లేదు, విడదీయడం వస్తే చాలు.

ముందు నిఘంటువులో మాట పక్కనే ఇచ్చే షష్ఠీ రూపం చూడండి. అది ‘ఐ’తోనో ‘ఈ’తోనో ముగిస్తే ‘ఉలస్, ఉలా, ఉలమ్’ చేర్చండి: వీనా (సిర) – వెన్యులా. చేర్చేచోట ముందు అచ్చు ఉంటే ‘ఉ’ కాస్తా ‘ఒ’ అవుతుంది. మాలియస్ అంటే సుత్తి, మాలియోలస్ అంటే చీలమండ పక్కన పొడుచుకొచ్చే గుబ్బ.

షష్ఠి ‘ఇస్’తో ముగిస్తే ఎక్కువగా ‘క్యులస్’ వస్తుంది. ఆరిస్ (చెవి) – ఆరిక్యులా, వెంటర్ (కడుపు) – వెంట్రిక్యులస్. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఈ జంట పాతదే: కర్ణం – కర్ణిక, జఠరం – జఠరిక. అయితే మూలం (షష్ఠిలో ‘ఇస్’ తీసేస్తే మిగిలేది) క, గ, త, ద లతో ఆగితే ఒట్టి ‘ఉలస్’ సరిపోతుంది. కాపుట్, షష్ఠిలో కాపిటిస్ (తల) – కాపిటులమ్. ‘న’ మూలాలకు ‘ఉంక్యులస్’: కారో (మాంసం) – కరంక్యులా, కంటి లోపలి మూలన కనిపించే ఎర్రటి కండ.

ఎక్కువమంది తడబడేది సెరిబ్రమ్ (మెదడు) దగ్గర. ‘సెరిబ్రులమ్’ అని అల్లేస్తారు. అక్కడ ‘ర’ పక్కన ‘ల’ పడి, రెండూ కలిసి ‘ల్ల’ అయిపోయాయి: సెరిబెల్లమ్ (చిన్నమెదడు). లిబెర్ (పుస్తకం) – లిబెల్లస్ కూడా అంతే.

లింగం మూలమాటదే. ఆరిస్ స్త్రీలింగం కాబట్టి ‘క్యులా’, సెరిబ్రమ్ నపుంసకం కాబట్టి ‘అమ్’. మొండికేసేవీ ఉన్నాయి: రానా (కప్ప) స్త్రీలింగమే, దాని పిల్ల రానంక్యులస్ మాత్రం పుంలింగం.

‘క్యులమ్’ కనబడగానే చిన్నది అనుకోవద్దు. స్పెక్యులమ్ చూడ్డానికి వాడే సాధనం. తోక తీస్తే నామవాచకం మిగలాలి. ఇక్కడ మిగిలింది ‘చూడు’ అనే క్రియ, అంటే ఇది పనిముట్టు పేరు.

సాధనకు పుస్తకమే అక్కర్లేదు. అనంతపురం బీళ్లలో ఒక తంగేడు కొమ్మ వంచి, ఆకు కాడ మొదట్లో చూడండి. అటొకటి ఇటొకటి చెవి తమ్మెల్లాంటి పత్రపుచ్ఛాలు ఉంటాయి. దాని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా.