సీరియల్‌లో డెబ్బై ఏళ్ల మనిషిని రాయడం ఎలా

పదకొండేళ్లు హైదరాబాదులో టీవీ సీరియళ్లకు మాటలు రాశాను. మూడేళ్ల క్రితం అమ్మ దగ్గర ఉండాలని నరసాపురం వచ్చేశాను. అమ్మ పెళ్లికి ముందు నుంచీ లేసు అల్లుతోంది. ఆమెను రోజంతా దగ్గరగా చూస్తుంటే, నేను అన్నేళ్లు రాసిన బామ్మల్లో ఒక్కరికీ ప్రాణం లేదని తెలిసింది. ఒకావిడ కుట్రలు పన్నేది, ఇంకొకావిడ సోఫాలో కూర్చుని దీవించేది. ఇద్దరి చేతుల్లోనూ పని ఉండేది కాదు. కొత్తగా సీరియళ్లకు రాయబోయేవాళ్లు ఆ తప్పు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మాటల జోలికి వెళ్లే ముందు కాగితం మీద లెక్క వేయండి. కథ 2025లో జరుగుతోంది, బామ్మకు డెబ్బై అనుకుందాం. అంటే 1955లో పుట్టింది. హైదరాబాదు దూరదర్శన్ మొదలైన 1977 నాటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. రేడియో పాటలు వింటూ పెరిగింది, టాకీసులో నేల టిక్కెట్టుకు వరసలో నిలబడింది. ఇవాళ మనవరాలికి ఫోనులో మాట రికార్డు చేసి పంపుతోంది. అలాంటి మనిషి నోట మనం మన ముత్తమ్మమ్మ సామెతలు పెడుతున్నాం. అలాగే, కథానాయకుడికి ముప్పై ఏళ్లయితే అతను పుట్టేనాటికి ఆమెకు నలభై. ఆమె తల్లా, నాన్నమ్మా? ఈ లెక్క తప్పిన కథలకు నేనే మాటలు రాశాను.

మా వైపు పెద్దవాళ్లు వయసును అంకెల్లో చెప్పరు. 1953 గోదావరి వరద, 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను, ఈ మూడింటికి ముడివేసి చెబుతారు. ‘ఎనభై ఆరు వరదకు పెద్దవాడు చంకలో ఉన్నాడు’ అంటారు. మీ పాత్ర కూడా అలాగే చెప్పాలి. 1955లో పుట్టిన మనిషికి మొదటి వరద తల్లి చెప్పిన కథ మాత్రమే. రెండోదానికి ముప్పై ఒక్కేళ్లు, గోదావరి మధ్య లంక ఊరిలో ఉంటే పిల్లలతో ఏటిగట్టు మీదికి ఎక్కి ఉంటుంది. తుపానుకు నలభై ఒకటి, ఇంటి వెనక కొబ్బరిచెట్లు ఎన్ని పడ్డాయో ఇప్పటికీ చెప్పగలదు. మీ ఊరు వేరైతే మీ ఊరి వరదనో కరువునో వెతకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది పని. పాత్రకు ఒక పని ఇవ్వండి, ఆ పనిని ఆమె ముప్పై ఏళ్లప్పుడు ఎలా చేసేదో, ఇప్పుడు ఎలా చేస్తోందో పక్కపక్కనే రాసుకోండి. వయసు ఆ రెండింటి మధ్యనే దొరుకుతుంది. మా అమ్మ పొద్దున వీధి అరుగు మీద అల్లుతుంది, మధ్యాహ్నం కుర్చీ పెరటి గుమ్మంలోకి వస్తుంది, సాయంత్రం మళ్లీ వీధిలోకి వెళుతుంది. మోకాళ్లు సహకరించకపోయినా వెలుగు కోసం రోజుకు మూడుసార్లు కుర్చీ జరుపుకుంటుంది. నల్లదారం పని వస్తే పక్కింటి అమ్మాయికి ఇచ్చి, తెల్లదారం తను ఉంచుకుంటుంది. కన్ను వదిలేసిన లెక్కను వేలు అందుకుంది: అల్లినంతమేర బొటనవేలితో తడుముతూ లోపల్లోపల లెక్కపెట్టుకుంటుంది. ‘కళ్లు కనిపించడం లేదమ్మా’ అన్న డైలాగు ఆమె నోట నేను ఒక్కసారీ వినలేదు.

మగ పాత్రకైనా ఇదే పద్ధతి. కోనసీమలో కొబ్బరి దింపు తీసే మనిషి ఒక వయసు తర్వాత చెట్టెక్కడం మానేస్తాడు. తోటకు రావడం మానడు. కింద నిలబడి ఏ గెల ముదిరిందో తల పైకెత్తి చెబుతాడు, ఎక్కినవాడు జారిపోతాడేమోనని వాడి పాదాలనే చూస్తుంటాడు. ఆ చూపు రాయండి. దగ్గు రాయనవసరం లేదు.

శరీరం గురించి కొన్ని నికరమైన సంగతులు. దగ్గరి చూపు తగ్గడం నలభై, నలభై అయిదేళ్ల మధ్య మొదలవుతుంది. ‘ఇరవై ఏళ్ల తర్వాత’ అని కథ దూకినప్పుడు నటి జుట్టులో రెండు తెల్లపాయలు పెట్టి ఊరుకుంటారు. దానికన్నా ఆమె చేత మందుసీసాను చేయి చాచి దూరంగా పెట్టి చదివించండి. చెవి విషయంలో, సాధారణంగా సన్నటి, హెచ్చుస్థాయి శబ్దాలు ముందు తగ్గుతాయి. అందుకే వీధిలో లారీ వినిపిస్తుంది, పసిపిల్ల మాట అందదు. పెద్దావిడ చేత ఒక మాటను ఇంకో మాటగా వినిపించి నవ్వించే సన్నివేశాలు నాకు బాధ కలిగిస్తాయి. ఆమె మాట్లాడేవారి పెదవులు కనిపించేలా కుర్చీ తిప్పుకుంటుందని రాస్తే చాలు. డైలాగులో వణుకు చుక్కలు పెట్టకండి. ఊపిరి ఎక్కడ చాలదో అక్కడ వాక్యాన్ని విరవండి.

డబ్బు సంగతీ చూడండి. సీరియల్‌లో బామ్మకు కోట్ల ఆస్తి ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. అందులో మాత్రలకు ఎంత, మనవడి ఫీజుకు ఎంత అని ఆమె విడదీసుకోవడంలో ఒక పూర్తి ఎపిసోడు ఉంది. నేను అలాంటిదొకటి రాస్తే కథ కదలడం లేదని తీసేశారు. ఇప్పటికీ అది మంచి సన్నివేశమనే అంటాను.

మేకప్ రచయిత పని కాదు కానీ తెలిసి ఉండాలి. చర్మాన్ని సాగదీసి పట్టి, లేటెక్స్ ద్రవం పలచగా అద్ది, ఆరాక పౌడరు వేసి వదిలితే ముడతలు వాటంతట అవే పడతాయి. కొందరికి అది పడదు, ముందురోజే ముంజేతి మీద రాసి చూడాలి. పెన్సిలు గీతలు నాటకం స్టేజీకి సరిపోతాయి, దగ్గరి కెమెరాకు గీతల్లాగే కనిపిస్తాయి. ముఖానికి అంత చేసి చేతులు వదిలేస్తారు, కాబట్టి చేతులకు పని ఉన్న చోట ఆ మాట స్క్రిప్టులోనే రాసిపెట్టండి. అయినా వయసు ముడతల్లో లేదు. 1957లో ‘మాయాబజార్’లో బలరాముడి వేషం వేసిన నటుడు గుమ్మడి, తమ్ముడు కృష్ణుడిగా నటించిన ఎన్టీఆర్ కన్నా నాలుగేళ్లు చిన్న. నిలబడడంలో, మాటలోని నిదానంలో ఆయన అన్నగారు అయిపోయారు.

రాయడం అయ్యాక ఆ వయసు మనిషికి చదివి వినిపించండి, ఎక్కడ ఆపారో అక్కడ గుర్తు పెట్టుకోండి. మొన్న నేను చదువుతుంటే అమ్మ లేసు పక్కన పెట్టి ఆపింది.

‘ఆవిడ చాప మీంచి లేచి వెళ్లిపోయిందని రాశావు. దేన్ని పట్టుకుని లేచింది?’