ఇంటిపేరును నమ్ముకోవద్దు: తండా కుటుంబాల వంశవృక్షం ఎలా తయారు చేయాలి?

"వంశవృక్షం తయారు చేశాను సార్, ఒకసారి చూడండి" అని ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తూనే ఉంటారు. చూస్తే పైన రాణా ప్రతాప్ ఉంటాడు, అట్టడుగున ఈ కుర్రాడు ఉంటాడు. మధ్యలో మీ ముత్తాత పేరేమిటని అడిగితే నీళ్లు నములుతాడు. ఇంకొకడు మొఘల్ సైన్యానికి ఎడ్ల మీద ధాన్యం మోసిన జంగీ, భంగీ నాయక్‌ల దగ్గర మొదలుపెడతాడు. మన లంబాడీలు పదిహేడో శతాబ్దంలో ఆ సైన్యాల వెంట దక్కనుకు వచ్చిన మాట సరే. అందులో మీ ముత్తాత ఎక్కడున్నాడన్నది కదా తేలాల్సింది! వంశవృక్షం కింది నుంచి పైకి కట్టాలి. పై నుంచి కిందికి దింపితే అది బుర్రకథ అవుతుంది.

కావలసినవి

ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు, ఫోన్‌లో రికార్డర్. పెన్ను ముట్టుకోవద్దు. సగం పేర్లు మూడోసారికి మారిపోతాయి. ఫ్యామిలీ ట్రీ యాప్‌లు అసలే వద్దు. అవి పుట్టిన తేదీ అడుగుతాయి, తెలియకపోతే ఏదో ఒకటి నొక్కేస్తాం. అదే రేపు చరిత్రై కూర్చుంటుంది.

ముందు ముసలమ్మల దగ్గరికి వెళ్లండి

తాతల దగ్గరికి కాదు. తాత తన ఇంటి సంగతే చెబుతాడు. నాయనమ్మకు పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండూ తెలుసు, తోడికోడళ్ల పుట్టిళ్లు కూడా తెలుసు. శ్రావణంలో తీజ్ పండుగ జరిగేటప్పుడు వెళ్తే ఆడపడుచులంతా తండాలోనే ఉంటారు, ఒకరు మరిచిపోయింది ఇంకొకరు అందిస్తారు.

ఏ సంవత్సరంలో పుట్టారని అడగొద్దు. పాత స్కూలు రిజిస్టర్లు చూస్తే తండా పిల్లలంతా జూన్, జులైలోనే పుట్టినట్టుంటుంది. అది పంతులుగారు చేర్చుకున్న రోజున వేసిన లెక్క. "ఏ హోలీకి ధూండ్ వేడుక చేశారు, అప్పుడు ఇంకా ఎవరి పిల్లలకు చేశారు?" అని అడగండి. కిందటి హోలీ తర్వాత పుట్టిన మగపిల్లలకే కదా ధూండ్ చేసేది. ఆ జత పిల్లల్లో ఒక్కడి వయసు గట్టిగా తెలిసినా మిగతావాళ్లది తేలిపోతుంది. పెద్ద వయసు వాళ్ల విషయంలో రజాకార్ల రోజులు, పోలీస్ యాక్షన్ గుర్తు చేయండి. అప్పటికి నడిచేవాడా, పశువులు కాసేవాడా అంటే చాలు, 1948 నుంచి వెనక్కి లెక్క కట్టొచ్చు.

గోత్రం రాసుకోండి

ఇంటిపేరు ఒక్కటే రాసుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బానోతు, ధరావత్, కేతావత్ లాంటి పేర్ల చివర ఉన్న 'ఓత్', 'ఆవత్' ఫలానా వాడి సంతతి అని చెప్పేవి. రాజస్థాన్‌లోనూ ఈ పద్ధతి ఉంది. అంటే అది ఒక కొమ్మ పేరు, మాను పేరు కాదు. వరంగల్, ఖమ్మం వైపు భూక్యా అని రాసుకునే వాళ్ల అన్నదమ్ములే ఆదిలాబాద్ వైపు రాథోడ్ అని రాసుకుంటారు. రాయలసీమకు వెళ్తే సుగాలి అంటారు, పేరు చివర నాయక్ చేరి ఇంటిపేరే మాయమవుతుంది. కాబట్టి ప్రతి పేరు పక్కన రాథోడో, పవారో, చౌహానో, వడత్యానో రాసి తీరాలి. ఎందుకో కింద తెలుస్తుంది.

రికార్డులో మనిషిని పట్టుకోవడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే. కాస్త నిదానంగా చదవండి.

మొదటిది, తండా పేరుతో రికార్డు వెతకొద్దు. తెలంగాణలో చాలా తండాలు 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాతే పంచాయతీలయ్యాయి. అంతకుముందు అవి పక్క ఊరికి శివార్లు. రెవెన్యూ గ్రామం పేరేమిటో తెలుసుకుని, తహసీల్దారు ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారో రాసిన రికార్డు) నకలుకు దరఖాస్తు పెట్టండి. దాని మీద ఫసలీ 1364 అని ఉంటే కంగారు పడొద్దు, అది పాత రెవెన్యూ లెక్క సంవత్సరం, 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది.

నకలు చేతికొచ్చాక పట్టాదారు కాలమ్ ఒక్కటే చూసి "మావాళ్ల పేరు లేదు" అని వెనక్కి రావొద్దు. భూమి దొర పేరున ఉండి, దున్నింది మనవాళ్లయితే పేరు అనుభవదారు కాలమ్‌లో ఉంటుంది. అక్కడ కూడా ఇంటిపేరు ఉంటుందని ఆశ పెట్టుకోకండి. 'లంబాడి భీమ్లా వల్ద్ సోమ్లా' అని రాసి వదిలేసి ఉంటారు. వల్ద్ అంటే ఫలానా వాడి కొడుకు. ఆడవాళ్ల పేరైతే జౌజే అని ఉంటుంది, ఫలానా వాడి భార్య అని.

ఇప్పుడు అసలు చిక్కు. భీమ్లా, సోమ్లా, హర్యా, లక్ష్యా లేని తండా ఏదైనా ఉందా? తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో భీమ్లా కొడుకు సోమ్లా, సోమ్లా కొడుకు భీమ్లా, ఇలా తిరుగుతూనే ఉంటుంది. నేను కూడా ఒక కుటుంబం కోసం ఏడాదిపాటు ఒక భీమ్లా వెంట పడ్డాను. తీరా చూస్తే అతను మా భీమ్లాకు వరసకు చిన్నాన్న అయ్యేవాడి కొడుకు. తండ్రుల పేర్లు కూడా ఒకటే. ఆ ఏడాదంతా రాసింది రబ్బరుతో చెరిపాను. పెన్సిల్ అని ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైందా?

అప్పటి నుంచి మూడు పరీక్షలు పెట్టుకున్నాను. తండ్రి పేరు కలవాలి. చుట్టూ ఉన్న సర్వే నంబర్లలో ముసలమ్మ చెప్పిన అన్నదమ్ములో, పాలివాళ్లో కనిపించాలి. అన్నదమ్ములు పంచుకుంటే సాధారణంగా బై నంబర్లు (ఒకే సర్వే నంబరును విడగొట్టిన ఉప నంబర్లు) పక్కపక్కనే ఉంటాయి. మూడోది, భార్య పుట్టింటి గోత్రం ముసలమ్మ చెప్పినదానితో కలవాలి, అది భర్త గోత్రమే కాకూడదు. ఒకే గోత్రంలో మనం పిల్లనివ్వం. కొర్ర, సభావత్, మూడ్ ఇంటిపేర్లు వేరైనా ముగ్గురూ చౌహాన్లే, వరసకు అన్నదమ్ములు. మీ కాగితంలో కొర్ర వాళ్ల అబ్బాయికి సభావత్ వాళ్ల అమ్మాయితో పెళ్లయినట్టుంటే మీరు తప్పు మనిషిని పట్టుకున్నారు, అంతే. మూడూ కలిస్తేనే పేరు చుట్టూ సున్నా చుట్టండి. రెండే కలిస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఆగండి. ఒక్కటే కలిస్తే ఆ పేరు మరిచిపోండి.

సేత్వార్ (భూమి సర్వే అయ్యాక రాసిన తొలి రికార్డు) లాంటి పాత ఉర్దూ రికార్డు దాకా వెళ్తే చుక్కలతో జాగ్రత్త. ఉర్దూలో 'బ'కు కింద ఒక చుక్క, 'ప'కు మూడు, 'న'కు పైన ఒకటి. మాట మొదట్లో మూడింటి ఆకారం ఒకటే. సిరా వెలిసిపోతే బానోతు కాస్తా నానోతు అవుతాడు. నకలు రాసిన గుమాస్తాను నమ్మకుండా ఉర్దూ చదివే పెద్దమనిషికి అసలు పేజీ చూపించండి.

ఢాడీలు, భాట్‌లు

వీళ్లు తండాలకు వచ్చి వంశావళి పాడతారు. తప్పక రికార్డు చేయండి, సంభావన దగ్గర పిసినారితనం వద్దు. అయితే చివరి నాలుగైదు తరాలే నోట్‌బుక్‌లో ఎక్కించండి. పైన పాడేదంతా వీరగాథ. యూరప్ జిప్సీలు మనవాళ్లేనని చెప్పేవాళ్లకూ నాది ఇదే మాట. వాళ్ల పూర్వీకులు ఉత్తర భారతం నుంచి వెళ్లారని భాషను బట్టి తేల్చారు, బాగానే ఉంది. దానితో మీ ముత్తాత పేరు దొరకదు.

ఎరుకల కుటుంబాలైతే

దారి వేరు. 1911 నేరస్త తెగల చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్ల మీద నేరస్తులన్న ముద్ర వేసి సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటిదే, 1913లో మొదలైంది, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. ఆ ముద్ర దేశమంతటా పోయింది 1952లో. అప్పటి సర్కారు కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. ఇంటి పెద్దలకు ముందే చెప్పి వెళ్లండి, తాత పేరు పోలీసు జాబితాలో కనిపించడం అందరూ తట్టుకోగలిగే విషయం కాదు.

అన్నీ అయ్యాక చెట్టు గీయండి. కోడళ్ల పేర్లు వదలొద్దు, వాళ్ల పుట్టింటి గోత్రంతో సహా రాయండి. ఒక జిరాక్స్ తీసి, మీకు పేర్లు చెప్పిన ముసలమ్మ ముందు చదివి వినిపించండి. ఆమె "అది కాదురా" అన్నచోట రబ్బరు తీయండి.