వానలు పడేలోపే ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూడండి

మే నెలలో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని కోసం కరెంటు ఆపే అనుమతి) అడిగితే ఎవరూ ఇవ్వరు, ఊరంతా ఏసీలే, లోడ్ దిగదు, తెలుసు. అయినా తొలకరి లోపు మీ 132/33 కేవీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక్క పూటైనా షట్‌డౌన్ సంపాదించండి. ఎండాకాలమంతా లోడ్ మీద కాగిన ఆయిల్, వైండింగ్ కాగితంలోని తేమని కొంత తనలో కరిగించుకుని ఉంటుంది. సాయంత్రం గాలివాన వచ్చి ఫీడర్లన్నీ ట్రిప్పయి ట్యాంకు గబగబా చల్లబడితే ఆ నీటిని ఆయిల్ పట్టి ఉంచలేదు, పైగా అది కుంచించుకుంటూ బ్రీదర్‌లోంచి (లోపలికి వెళ్ళే గాలిలో తేమని పట్టే సిలికా జెల్ డబ్బా) బయటి తడిగాలిని లోపలికి లాగుతుంది.

అందుకే ముందు బ్రీదర్. సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగిందా అని చూసి వెళ్ళిపోతారు చాలామంది. ఎటువైపు నుంచి తిరిగిందో చూడండి. గాలి కింద ఆయిల్ కప్పులోంచి వస్తుంది కాబట్టి రంగు కింది నుంచి పైకి మారాలి. కింద నీలంగా ఉండి పైన గులాబీ అయిందంటే పై పైపు జాయింట్‌లోనో గాస్కెట్‌లోనో లీకు ఉన్నట్టే, అది పట్టుకోకుండా జెల్ ఎన్నిసార్లు మార్చినా దండగ. కొత్త బ్రీదర్ బిగిస్తే కింద సీలు తీశారా అని కూడా చూడండి. నవ్వకండి, మర్చిపోయేవాళ్ళు ఉన్నారు.

ఇక మెగ్గర్, అంటే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే పరికరం. కొత్తలో ఒకసారి రాత్రి చినుకులు పడి తెల్లారాక నేను మెగ్గర్ వేస్తే, అంతకుముందు ఏడాది 2000 మెగోమ్‌లు ఉన్నది 600 చూపించింది. వైండింగ్ పోయిందని పైవాళ్ళకి ఫోన్ కూడా చేసేశాను. మా లైన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఏమీ మాట్లాడకుండా పొడి గుడ్డతో బుషింగులు (లీడ్లు ట్యాంకులోంచి బయటికి వచ్చే ఇన్సులేటర్ గొట్టాలు) శుభ్రంగా తుడిచి, "ఇప్పుడు వెయ్యండి సార్" అన్నాడు. 1800. ఆ రోజు నా మొహం చూడాల్సింది. ఆయిల్ టెంపరేచర్ కూడా పక్కన రాసుకోండి, 10 డిగ్రీలు పెరిగితే రీడింగు దాదాపు సగమవుతుంది. 10 నిమిషాల విలువని 1 నిమిషం విలువతో భాగిస్తే వచ్చేది 1 దగ్గరే ఉంటే తేమని అనుమానించండి. టెస్ట్ అయ్యాక వైండింగ్‌లో చార్జ్ నిలిచి ఉంటుంది, కనీసం టెస్ట్ పెట్టినంతసేపైనా ఎర్త్ చేసి ఉంచకుండా లీడ్ ముట్టుకోవద్దు.

బుషింగులకి టాన్ డెల్టా (ఇన్సులేషన్‌లో నష్టం ఎంతో కొలిచే టెస్ట్) తీస్తే కెపాసిటెన్స్ కూడా పాత విలువతో పోల్చండి. అది పెరిగిందంటే లోపల రేకు పొరలు కొన్ని షార్ట్ అయి ఉండొచ్చు. కానీ నాకు అంతకంటే భయం టెస్ట్ ట్యాప్ (బుషింగ్ మీద టెస్ట్ లీడ్ తగిలించే చోటు) మూత. ఆ మూతే ట్యాప్‌ని ఎర్త్ చేస్తుంది. టెస్ట్ చేసి మూత పెట్టకుండా చార్జ్ చేస్తే, అంటే కరెంటు ఇస్తే, మంచి బుషింగ్‌ని చేతులారా కాల్చుకున్నట్టే. నేనైతే మూతలు లెక్కపెట్టి, ఫోటో తీసి, ఆ తర్వాతే ఎల్‌సీ రిటర్న్ చేస్తాను.

ఆయిల్ శాంపిల్ వానలో తియ్యొద్దు, వాల్వ్‌లో నిలవున్న మురికి ఆయిల్ కొంత వదిలేశాక పట్టండి. 2.5 మిల్లీమీటర్ల గ్యాప్‌లో బీడీవీ (ఆయిల్ ఇన్సులేషన్ తెగిపోయే వోల్టేజీ) 40 కేవీ లోపుంటే 132 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌కి పనికిరాదు, ఫిల్టర్ పెట్టించాల్సిందే. డీజీఏకి (ఆయిల్‌లో కరిగిన గ్యాసుల పరీక్ష) గాజు సిరంజి వాడండి, బుడగ ఉండకూడదు. రిపోర్టులో హైడ్రోజన్ ఒక్కటే పెరిగితే పార్షియల్ డిశ్చార్జ్ (ఇన్సులేషన్‌లో అక్కడక్కడా చిన్న స్పార్కులు), ఇథిలీన్ ఎక్కువుంటే ఎక్కడో బాగా వేడెక్కుతోంది, కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే కాగితం మీద కన్నెయ్యండి. అసిటిలీన్ కనబడితే ఆర్కింగ్ అని అందరూ హడలిపోతారు, హడలాల్సిందే, కాకపోతే ట్యాప్ ఛేంజర్ (వోల్టేజీ సర్దే స్విచ్) ఆయిల్ మెయిన్ ట్యాంకులోకి కారుతోందేమో ముందు చూడండి, అప్పుడు కూడా అదే గ్యాస్ వస్తుంది. ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చొద్దు, పాత రిపోర్టులు పక్కన పెట్టుకుని ఎంత వేగంగా పెరుగుతోందో చూడాలి.

కోస్తాలో ఉన్నవాళ్ళు బుషింగుల మీద ఉప్పు పేరుకోకుండా తుఫాన్ల సీజన్‌కి ముందు, అంటే అక్టోబర్ లోపు, మరోసారి కడిగించండి.

చివరగా బుకోల్జ్ రిలే (ట్యాంకులో ఫాల్ట్ వల్ల గ్యాస్ పుడితే పట్టి ట్రిప్ ఇచ్చేది) టెర్మినల్ బాక్స్ తెరిచి గాస్కెట్ చూడండి. నీళ్ళు చేరితే లోపల ఏ ఫాల్టూ లేకుండానే ట్రిప్ ఇస్తుంది. అలాగని వానలో బుకోల్జ్ ట్రిప్ వచ్చిన ప్రతిసారీ "నీళ్ళేలే" అని చార్జ్ చేసేయొద్దు. రిలేలో గ్యాస్ ఉందా చూసి, ఉంటే శాంపిల్ పంపి, ఫలితం వచ్చేదాకా ఎవరు ఎంత ఒత్తిడి పెట్టినా బ్రేకర్ ఓపెన్‌లోనే ఉంచండి.