సిద్ధాంత వాక్యం చదవడం ఎలా? నాలుగో పాఠం: హద్దులు చూడటం

కతోలిక సభ అధిపతులైన జగద్గురువుల (పోపుల) పత్రాల్లో నిర్వచన వాక్యాన్ని వెతికి పట్టుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ప్రకటిస్తున్నాం, ఉద్ఘోషిస్తున్నాం, నిర్వచిస్తున్నాం అనే మూడు క్రియలు ఒకచోట కనిపిస్తే అక్కడ ఆగాలని, దానికి ముందున్న పేజీలు ఆ వాక్యానికి దారి తీసే వాదనలే గాని వాటంతట అవి నిర్వచనాలు కావని చెప్పుకున్నాం. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో భూమి దస్తావేజు చదివిన వారికి ఇది సులువుగానే అర్థమవుతుంది. అమ్మినవారి తాతతండ్రుల వివరం ఎంత రాసి ఉన్నా, తగాదా వచ్చిన రోజు అందరూ వేలు పెట్టి చూసేది నాలుగు దిక్కుల హద్దులనే. సిద్ధాంత వాక్యానికి కూడా అటువంటి హద్దులుంటాయి.

సాధనకు 1854 డిసెంబరు 8న 9వ పయస్ జగద్గురువు వెలువరించిన ‘ఇనెఫాబిలిస్ దేవుస్’ పత్రాన్ని తీసుకుందాం. అందులోని నిర్వచన సారాంశం ఇది: కన్య మరియమ్మ తాను గర్భాన పడిన తొలి క్షణంలోనే, సర్వశక్తిగల దేవుడిచ్చిన విశేష వరప్రసాదం వల్ల, మానవజాతి రక్షకుడైన యేసుక్రీస్తు పుణ్యఫలాలను బట్టి, జన్మపాప (ఆదాము నుంచి మనుషులందరికీ పుట్టుకతోనే సంక్రమించే పాపం) మాలిన్యమేదీ అంటకుండా కాపాడబడింది, ఇది దేవుడు బయలుపరచిన సత్యం గనుక విశ్వాసులందరూ దృఢంగా నమ్మవలసింది.

ముందుగా మనం వాడే పేరునే విడదీసి చూడండి. అమల, ఉద్భవి కలిసి అమలోద్భవి అయింది. మాలిన్యం లేకుండా ఉద్భవించినది అని అర్థం. ఉద్భవించినది ఎవరు? మరియమ్మే. అంటే ఈ సిద్ధాంతం అన్నమ్మ గర్భంలో మరియమ్మ పడిన క్షణాన్ని గురించి చెబుతుంది తప్ప, మరియమ్మ గర్భంలో యేసు పడిన సంగతిని కాదు. దశాబ్దాలుగా జపమాల చెబుతున్నవారు కూడా ఈ రెండింటినీ కలిపేయడం నేను చాలాసార్లు విన్నాను. అనుమానం వస్తే క్యాలెండర్ తీయండి: డిసెంబరు 8కి తొమ్మిది నెలలు కలిపితే సెప్టెంబరు 8, మరియమాత జన్మదినం, మార్చి 25కి తొమ్మిది నెలలు కలిపితే క్రిస్మస్.

ఇక హద్దుల్లో అన్నిటికంటే బరువైనది ‘క్రీస్తు పుణ్యఫలాలను బట్టి’ అన్న మాట. ఈ ఒక్క మాట స్థిరపడటానికి శతాబ్దాలు పట్టింది. 1274లో మరణించిన, డొమినికన్ సన్యాస సభకు చెందిన పండితుడు అక్వినాసు తోమాసు, మరియమ్మకు జన్మపాపం ఎన్నడూ అంటలేదంటే ఆమెకు క్రీస్తు రక్షణ అవసరం లేకుండా పోతుందని, అప్పుడు క్రీస్తు అందరికీ రక్షకుడన్న మాట నిలవదని అభ్యంతరం చెప్పాడు. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ అభ్యంతరం కాదు. తరవాతి తరానికి చెందిన, ఫ్రాన్సిస్కన్ సన్యాస సభ పండితుడు జాన్ డన్స్ స్కోటస్ దీన్నే తిరగేసి, పడినవారిని లేపడం కంటే పడకుండా కాపాడటం మరింత గొప్ప రక్షణ అని, కాబట్టి ఆమె అందరికంటే ఎక్కువగా క్రీస్తుకు ఋణపడిందని వాదించాడు.

మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల వారికి దీన్ని వివరించడానికి దూరం వెళ్లనక్కరలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన తాత, పుట్టినప్పటినుంచీ కృష్ణా నీళ్లు తాగి నిటారుగా పెరిగిన మనవరాలు ఒకే ఇంట్లో ఉంటారు. మనవరాలికి జబ్బు రాలేదు కాబట్టి మంచినీళ్లతో ఆమెకు పని లేదని ఎవరూ అనరు. అయితే ఈ పోలికను ఇంతకు మించి లాగకూడదు. జన్మపాపం ఒంట్లో చేరే విషం వంటిది కాదు, ఉండవలసిన వరప్రసాదం లేకపోవడం.

స్కోటస్‌తో వాదం ముగియలేదు. ఫ్రాన్సిస్కన్లు ఒకవైపు, డొమినికన్లు మరొకవైపు ఒకరినొకరు మతద్రోహులనే వరకూ వెళ్లగా, 1483లో 4వ సిక్స్‌తుస్ జగద్గురువు ఇరుపక్షాలనూ ఆ మాట అనకుండా నిషేధించాడు. 1546లో ట్రెంట్ మహాసభ జన్మపాపంపై తీర్పు చెబుతూ, మరియమ్మను ఆ తీర్పులో చేర్చడం తమ ఉద్దేశం కాదని మాత్రం రాసి ఊరుకుంది. తేలని విషయాన్ని తేలనట్టే ఉంచడం కూడా సభ పాటించిన పద్ధతే. 1849లో 9వ పయస్ పీఠాధిపతుల (బిషప్పుల) అభిప్రాయం అడగగా, అత్యధికులు సమ్మతించారు.

దేవరకొండ, జడ్చర్ల వైపు మెన్నొనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ సంఘాల్లోని మన బంధువులు ఇక్కడ రోమా పత్రిక 3:23 చూపి, అందరూ పాపం చేశారని ఉంది కదా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు చిరాకు పడకండి. లూకా 1:28లో దేవదూత పలకరింపును వారి బైబిల్ ‘దయాప్రాప్తురాలా’ అని, మన జపం ‘దేవవరప్రసాదము చేత నిండిన’ అని చెబుతాయి. సగం వివాదం ఆ ఒక్క గ్రీకు మాటను తెలుగు చేయడంలోనే ఉంది. మరియమ్మ తన కీర్తనలో దేవుణ్ణి ‘నా రక్షకుడు’ అన్న మాటను మాత్రం నిర్వచనం కాదనడం లేదు, పైగా దాన్నే హద్దుగా పెట్టుకుంది. ఆమెకు తండ్రి లేడనీ, రక్షకుడు అక్కరలేదనీ ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

అభ్యాసం: 1950 నవంబరు 1న 12వ పయస్ జగద్గురువు ఇచ్చిన నిర్వచనం, మరియమాత ‘ఇహలోక జీవితయాత్ర ముగించుకున్న పిమ్మట’ ఆత్మశరీరాలతో పరలోక మహిమకు చేర్చబడిందని చెబుతుంది. క్రీస్తుది మోక్షారోహణం, మరియమాతది మోక్షారోపణం. ఒకటి తానుగా ఎక్కడం, రెండోది ఎక్కించబడటం. ఆరోపణ అంటే నింద అనే అర్థమే నేడు మిగిలింది గనుక, ఆగస్టు 15న జెండా వందనం ముగించి ఈ మోక్షారోపణ పండుగకు గుడికి వచ్చే పిల్లలకు ఈ తేడా విడమరచి చెప్పవలసి ఉంటుంది. ఇప్పుడు పై వాక్యాన్ని మళ్లీ చదివి, ఆమె మరణించిందని అది చెబుతోందా, మరణించలేదని చెబుతోందా, రెండూ చెప్పకుండా ఆగిందా అన్నది ఏ మాటను బట్టి తేల్చారో నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే పాఠంలో విశ్వాస విషయాల్లో జగద్గురువు ఇచ్చే నిర్వచనం పొరపడదన్న 1870 జూలై 18 నాటి నిర్వచనం చదివేటప్పుడు అదే పేజీ అవసరమవుతుంది.