గుండెను చదువుదాం – నాలుగో పాఠం: రంగు పెన్సిళ్లు పక్కన పెట్టండి

ఈ వారం కవాటాల (రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే గుండె తలుపుల) గురించి రాయాల్సింది. వాయిదా వేస్తున్నాను. పోయినసారి గుండె బొమ్మ గీసి రంగులు వేయమంటే, మీరు పంపినవాటిలో సగానికి పైగా పుపుస ధమనికి, అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే నాళానికి, ఎర్ర రంగు పడింది. అందులో నా తప్పూ ఉంది. 'ధమనులకు ఎరుపు, సిరలకు నీలం' అని రెండో పాఠంలో తొందరపడి రాసింది నేనే. ఆ వాక్యం కొట్టేయండి. బొమ్మలో ఎరుపు ఆక్సిజన్ ఉన్న రక్తానికి గుర్తు, నీలం ఆక్సిజన్ తగ్గిన రక్తానికి.

గుండెలో గదులు నాలుగు: పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ఇక్కడ ఎవరూ తడబడలేదు, కాబట్టి మళ్లీ చెప్పను.

ధమని అంటే గుండె నుంచి బయటికి వెళ్లే నాళం. సిర అంటే గుండెకు తిరిగి వచ్చే నాళం. నిర్వచనంలో ఇంతకుమించి ఒక్క అక్షరం లేదు. బస్సు ఎటు వెళుతుందో బోర్డు చూసి తెలుసుకుంటాం, లోపల ఎవరు కూర్చున్నారో చూసి కాదు. కుడి జఠరిక నుంచి బయలుదేరింది కాబట్టి పుపుస ధమని ధమనే, అందులో పారేది ఆక్సిజన్ తగ్గిన రక్తమైనా సరే. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు చేరేవి సాధారణంగా నాలుగు పుపుస సిరలు. వాటినిండా ఆక్సిజన్ ఉన్న రక్తమే. ఇదొక్కటే మినహాయింపు అనుకుని బట్టీ పట్టకండి. బొడ్డుతాడు చూడండి: రెండు ధమనులు, ఒక సిర. శిశువు గుండె పంపిన వాడిన రక్తం ధమనుల్లో మాయకు (గర్భంలో బొడ్డుతాడు అంటుకుని ఉండే అవయవానికి) చేరుతుంది, ఆక్సిజనూ ఆహారమూ నింపుకుని సిరలో తిరిగి వస్తుంది.

'మంచి రక్తం, చెడు రక్తం' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఊరికే కూర్చున్న మనిషిలో గుండెకు తిరిగొచ్చే రక్తంలో ఇంకా ముప్పాతిక వంతు ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. దానిలో చెడు ఏముంది? అది నీలంగానూ ఉండదు. రక్తపరీక్షకు మోచేతి మడతలో సూది గుచ్చి తీసేది సిరలోని రక్తమే. ఈసారి మొహం తిప్పుకోకుండా ఆ గొట్టం వంక చూడండి: ముదురు ఎరుపు.

కొందరు కుడి ఎడమలు తారుమారు చేశారు. బొమ్మలోని మనిషి మీకు ఎదురుగా నిలబడ్డాడు, అంతే. నేనైతే గోడ మందం చూస్తాను. ఒళ్లంతటికీ రక్తం తోయాలి కాబట్టి ఎడమ జఠరిక గోడ కుడిదాని కంటే దాదాపు మూడు రెట్లు మందం.

మాంసం తినే ఇళ్లవాళ్లు మేక గుండెకాయ ఒకటి తెచ్చుకోండి, గాట్లు పెట్టకుండా ఇమ్మని దుకాణంలో ముందే చెప్పాలి. కింది భాగాన్ని రెండు వైపులా నొక్కితే ఒకవైపు మెత్తగా లొంగుతుంది, రెండోవైపు గట్టిగా ఎదురు నిలుస్తుంది. గట్టిది ఎడమ. పైన తెగిన గొట్టాల్లో మందపాటి గోడ ఉన్నదానిలో వేలు పెట్టండి. ఆ గట్టి గదిలోకి దిగితే అది బృహద్ధమని, ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని.

అభ్యాసం: కాలి బొటనవేలి నుంచి బయలుదేరిన రక్తపు చుక్క మళ్లీ బొటనవేలికి చేరేదాకా దాటే నాళాలు, గదులు అన్నీ కాగితం చూడకుండా చెప్పండి. తర్వాత అదే దారిని వెనక నుంచి ముందుకు చెప్పండి. రెండోది తడబడకుండా వచ్చేదాకా రంగులు ముట్టుకోవద్దు.

వచ్చే వారం కవాటాలు. ఆ గుండెకాయను అప్పటిదాకా దాచకండి, వండేసుకోండి.